పదిహేడు కాదు తల్లీ, పద్దెనిమిది

ప్రశ్న: పెద్దమ్మా, మాది కావలి దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు. పోయిన కార్తీకంలో మా అమ్మ పోయింది. రోజూ పొద్దున తులసికోట ముందు కూర్చుని తులసిమాలతో జపం చేసుకునేది. పోవడానికి కొన్నాళ్ల ముందు ఆ మాల తెగింది. మళ్లీ గుచ్చుకుందాంలే అని పూసలన్నీ హార్లిక్స్ సీసాలో వేసి పెట్టుకుంది. మొన్న లెక్కపెడితే 91 ఉన్నాయి. అమ్మ పెంచిన తులసి కూడా ఈ ఎండలకు నిలువునా ఎండిపోయింది. ఆ కాడతో తక్కువైన 17 పూసలూ నేనే చేసి, మాల గుచ్చి, సంవత్సరీకం నాటికి పూర్తి చేయాలని ఉంది. మా అత్తగారు తెగిన మాల ఇంట్లో ఉంచకూడదు, పెన్నలో కలిపేయమంటున్నారు. ఆడవాళ్లు జపమాల గుచ్చకూడదు అని కూడా అంటున్నారు. ఫోన్‌లో చూస్తే ఒకరు మాలకు శక్తి ఎక్కించి పంపుతామని 4,500 రూపాయలు అడుగుతున్నారు. మా చెల్లెలు మధ్యలో గురివింద గింజలు వేస్తే అందంగా ఉంటుందంటోంది. తెలిసినాయన ఒకరు రాపూరు వైపు నుంచి ఎర్రచందనం పూసలు చవగ్గా తెచ్చిస్తానన్నారు. అమ్మ పోయినప్పటి నుంచి నాకు రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. బీపీ మాత్ర వాడుతున్నాను. మాల చేసుకుంటే ఈ టెన్షన్ తగ్గుతుందా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నన్ను పెద్దమ్మా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. ముందు లెక్క సరిచేద్దాం. నీకు కావలసిన పూసలు 17 కాదు, 18. జపమాలలో లెక్కపూసలు 108, వాటికి తోడు మాల మొదలూ చివరా గుర్తుగా ఉండే మేరుపూస ఒకటి, మొత్తం 109. సీసాలో మిగతావాటికన్నా కాస్త పెద్దగానో, వేరే ఆకారంలోనో ఒకటి ఉందేమో చూడు. ఉంటే అదే మేరువు. అప్పుడు నీ దగ్గర లెక్కపూసలు 90 ఉన్నట్టు, ఇంకో 18 చేయాలి. లేదంటే ఉన్న 91 లెక్కపూసలే, 17 చేసి వాటితో పాటు మేరువు కూడా చేయాలి. ఎటు తిప్పినా పద్దెనిమిదే.

ఒక్క పూస దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటావా? నా మొదటి మాల 107 పూసల మాల మరి. ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని! మా ఇంటాయన పోయాక, ఏ పనీ తోచక, నెల్లూరు మూలాపేటలో మా ఇంటి వంటగది గడప మీద కూర్చుని గుచ్చాను. దాంతోనే ఐదు నెలలు జపం చేశాను. ఒకరోజు మా మనవడు, బడిలో నూరు దాకా లెక్కపెట్టుకుని రమ్మన్నారని నా మాల తీసుకున్నాడు. కాసేపటికి వచ్చి "అమ్మమ్మా, దీంట్లో నూటేడే ఉండాయి" అన్నాడు. వాడికే లెక్క రాలేదనుకుని నేను మళ్లీ పెట్టాను. నూటేడే! తప్పిపోయిన పూస సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే గ్రైండర్ కింద దొరికింది. మా గుడి అర్చకులకు చెబితే నవ్వేసి, "అయితే రోజుకొక నామం బాకీ పడ్డారు, తీర్చేయండి" అన్నారు. ఒక శనివారం కూర్చుని నూటయాభై నామాలు అదనంగా చెప్పుకున్నాను. తీరిందో లేదో ఆయనకే తెలియాలి.

అప్పటి నుంచి నేను ఇడ్లీ ప్లేట్లతో లెక్కపెడుతున్నాను. నవ్వకు. మా ఇంట్లో ప్లేటుకు నాలుగు గుంటలు, మూడు ప్లేట్లకు పన్నెండు. గుంటకు తొమ్మిది పూసలు వేస్తే సరిగ్గా 108. పన్నెండు రాశులు, తొమ్మిది గ్రహాలు అని పెద్దవాళ్లు చెప్పే లెక్క అదే. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలన్నా అంతే వస్తుంది. మేరుపూస పక్కన గిన్నెలో ఉంచుకో. ఏ గుంటలో ఎనిమిదే ఉన్నాయో చూడగానే తెలిసిపోతుంది. చేట, పళ్లెం అయితే పూస ఎటు దొర్లిందో తెలియదు.

ఇక మీ అత్తగారి మాట. ఆమెతో వాదన పెట్టుకోవద్దు, అలాగని మాల పెన్నలో కలపొద్దు. పోయినవాళ్ల జపమాలను అస్థికలతో పాటు నీళ్లలో కలిపే ఇళ్లున్నాయి, కొడుకో కూతురో తీసుకుని జపం సాగించే ఇళ్లూ ఉన్నాయి. రెండూ ఆచారాలే. మీ అమ్మ మాత్రం మళ్లీ గుచ్చుకుందామనే పూసలు దాచుకుంది కదా. నా వరకు ఆ ఒక్క మాట చాలు. తెగిన మాలంటే దారం తెగిన మాలే. నూలుదారం చేతి చెమటకు, రాపిడికి పీలికలవుతుంది, ఎవరి మాలైనా ఏదో ఒకనాడు తెగుతుంది, తెగితే గుచ్చుకుంటారు. ఒకటి మాత్రం కనుక్కో. మీ అమ్మ ఎవరి దగ్గరైనా ఉపదేశం తీసుకుని, వాళ్ల చేతుల మీదుగా ఆ మాల అందుకుని ఉంటే, ఆ మఠానికో గురువుగారి ఇంటికో ఒక ఫోన్ చెయ్యి. వాళ్ల పద్ధతి వాళ్లకుంటుంది. అంగట్లో కొనుక్కున్న మాలైతే ఆ పని కూడా లేదు.

ఆడవాళ్లు మాల కట్టకూడదంటే మరి గోదాదేవిని ఏమనాలి? మాల కట్టి, తాను ముడుచుకుని చూసుకుని మరీ స్వామికి పంపిన తల్లి ఆమె. మా రంగనాయకులపేటలో ధనుర్మాసం నెల్లాళ్లూ ఆమె పాశురాలే వింటాం. మీ అత్తగారు కోప్పడితే ఈ మాట నీ నోటితో చెప్పకు, ఈ కాగితం చూపించు. తిట్టేదేదో నన్ను తిడతారు.

పనిలోకి దిగుదాం. చెట్టు కోసే ముందు, ఎండిన వెన్నులు ఏమన్నా మిగిలాయా చూడు. అరచేతిలో వేసి నలిపి ఊదితే ఆవగింజకన్నా చిన్న గింజలు నిలుస్తాయి. అవి పొట్లం కట్టుకో. కోటలో మట్టి గుల్లచేసి పైపైన చల్లి, చేత్తో నీళ్లు చిలకరిస్తూ ఉంటే వారం పది రోజులకు మొలకలు కనిపిస్తాయి. లోతుగా పాతితే రావు. కాడ కోసేశాక గింజలు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నవాళ్లను చూశాను, అందుకే ముందు చెబుతున్నా.

తులసి కాడ ఎంత ముదిరినా పెన్సిలంత లావు, నేల దగ్గర మహా అయితే చిటికెనవేలంత. మేరుపూస ఆ వేరుమొదలు దగ్గరి ముక్కతోనే చెయ్యి, అక్కడే గట్టిగానూ లావుగానూ ఉంటుంది. పచ్చి ఉన్న కొమ్మ ఏదైనా ఉంటే దాని జోలికి పోకు. పచ్చికాడ కోస్తే దోషమనే భయంతో చెప్పడం లేదు, ఆరాక ముడుచుకుని పగులుతుంది. నిలువునా ఎండిందనుకున్న కాడలో కూడా లోపల తడి ఉండొచ్చు, కాబట్టి బెరడు గీకేసి, నీడపట్టున, గాలి తగిలేచోట రెండు మూడు వారాలు వదిలెయ్యి. ఎండలో పెట్టావంటే నిలువుగా చీలుతుంది.

ఆరాక కణుపులు వదిలేసి మధ్య భాగం మాత్రమే కొయ్యి, కణుపు దగ్గర ముక్క చీలిపోతుంది. కత్తితో కాదు, యాక్సా బ్లేడుతో నెమ్మదిగా రాసినట్టు కోస్తే అంచు నలగదు. మీ అమ్మ పూస ఒకటి పక్కన పెట్టుకుని అంత పొడవుకే గీత గీసుకో. పద్దెనిమిది కావాలంటే పాతిక కొయ్యి. ఐదారు పగులుతాయి, బాధపడకు.

బెజ్జానికి డ్రిల్లు కొననక్కర్లేదు. తులసి కాడ నడుమ మెత్తటి బెండు ఉంటుంది. బియ్యం బస్తా కుట్టే దబ్బనం మీ ఇంట్లో ఉండే ఉంటుంది. పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద కొన ఎర్రబడేదాకా కాల్చి, బెండు కనిపించేచోట నిలువుగా ఆనించు. సుయ్యిమని లోపలికి దిగుతుంది, తులసి కాలిన వాసన వస్తుంది. ఒకే వైపు నుంచి పొడిచేయకు. సగం దాకా ఇటు, మిగతా సగం అటు నుంచి పొడిస్తే బెజ్జం నడుమ కలుస్తుంది, పూస పగలదు. కిటికీ తీసి పెట్టుకో, చీరకొంగు దోపుకో. మేరుపూసకు మాత్రం ఈ ఉపాయం పారదు, వేరుమొదట్లో బెండు తక్కువ, చెక్క ఎక్కువ. దాన్ని మీ ఊరి వడ్రంగి దగ్గరకు తీసుకెళ్తే సన్న బరమాతో అర నిమిషంలో తోలిచ్చేస్తాడు.

నునుపు చేయడానికి నాలుగైదు ముక్కల్ని కొబ్బరి ఈనెకు గుచ్చి, గరుకు కాగితం మీద అటూ ఇటూ దొర్లించు. ముందు 120 నంబరు కాగితం, తర్వాత 220. గుండ్రంగా రావాలని చూడకు, పీపా ఆకారం వస్తే చాలు. మూలలు చేతికి గుచ్చుకోకుండా ఉంటే అది పూసే. ఆఖరున నువ్వులనూనె ఒక్క చుక్క వేలికి రాసుకుని ఒక్కో పూసనూ రుద్ది, రెండు రోజులు గుడ్డలో కట్టి ఉంచు. వార్నిష్ వద్దు. పాత పూసల్ని సబ్బునీళ్లలో నానబెట్టొద్దు, చెక్క ఉబ్బి పగులుతుంది. మెత్తని పాత బ్రష్షుతో దులిపి, ఇదే నూనె అద్దితే సరి. మీ అమ్మ వేళ్ల జిడ్డుకు అవి నల్లబడి ఉంటాయి. ఆ నలుపు తోమి వదిలించాలని మాత్రం చూడకు.

ముడి గురించి ఎక్కువ చెప్పాలి. చాలామంది చెడగొట్టుకునేది అక్కడే.

పూసకూ పూసకూ మధ్య ముడి ఎందుకంటే, ఒకటి, పూసలు ఒకదాన్నొకటి రాసుకుని అరగవు. రెండు, ఎక్కడైనా తెగినా అన్నీ నేల మీద చెల్లాచెదురు కావు. మీ అమ్మ మాలకు ముడులు ఉండి ఉంటే 18 పూసలు పోయేవి కావేమో. ముడి వేయడం నాకు నేర్పింది మా బడిలో తెలుగు చెప్పిన ఒక టీచరు. వాళ్లది సముద్రం పక్కన పల్లె, ఇంట్లో అందరూ కతోలికులు. ఆమె జపమాలకు 59 పూసలు. వలలు అల్లే దారంతో తనే ముడులు వేసుకునేది. మా వీధిలో ఒకామె తస్బీకి, అంటే ముస్లింల జపమాలకు, 33 పూసలు, ఆమె ముడులు వేయదు, పూసలు దారం మీద జారాలంటుంది. తలా ఒక చెయ్యి. టీచరమ్మ చెప్పిన కిటుకు ఇదీ. పూస గుచ్చాక దారాన్ని ఒక మామూలు చుట్టు చుట్టి, ఆ చుట్టును బిగించకముందే అందులో పెద్ద సూది దూర్చు. సూది కొనను పూస బెజ్జం దగ్గర ఆనించి, దారం నెమ్మదిగా లాగు. చుట్టు సూది వెంబడి జారుకుంటూ వచ్చి పూసకు తగిలి ఆగుతుంది. అప్పుడు సూది తీసేసి గోటితో నెట్టి బిగించు. సూది లేకుండా వేస్తే ముడి సగం దారిలో బిగుసుకుంటుంది, పూసకూ ముడికీ మధ్య సందు మిగులుతుంది. అలా పడిన ముడిని విప్పాలంటే దారం పీచు లేస్తుంది. మొదటి పది ముడులు మామూలు దారం మీద వేరుశనగ గింజలతో వేసి చూడు. గింజలు తినేయొచ్చు కాబట్టి నష్టం లేదు.

దారం నూలుది మూడు పేటలు పురి పెట్టి, తేనెమైనం ముద్ద మీద రెండు సార్లు లాగు. చెమట పట్టదు, ముడి జారదు. నైలాన్ వలదారం ఇంకా గట్టిది, కానీ నున్నగా ఉండి ముడి జారుతుంది, కొనలు కాల్చి అంటించాలి, ఆ గుబ్బ వేలికి గుచ్చుకుంటుంది. మా టీచరమ్మకు ఉప్పుగాలిలో నూలు నిలవదని అది వాడింది. నువ్వు నూలే వాడు, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ గుచ్చుకోవచ్చు. కొత్త పూసల్లో అన్నిటికన్నా సన్న బెజ్జం ఉన్నదాంట్లో దారం దూరుతుందో లేదో ముందే చూసుకో. తొంభై గుచ్చాక దూరలేదంటే మళ్లీ మొదటికే.

ఎంత కూర్చోవాలంటావా? రోజుకు ఒక ఇడ్లీ గుంట. తొమ్మిది పూసలు, తొమ్మిది ముడులు, అంతే, పది వేయాలనిపించినా వేయకు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక, వెలుతురున్న చోట, అరగంట. పన్నెండు రోజుల్లో 108 అవుతాయి. పదమూడో రోజు రెండు కొనలూ మేరుపూసలో కలిపి బ్రహ్మముడి వేసి చిన్న కుచ్చు కట్టు. ముడి ముడికీ మీ అమ్మ ఏ నామం చెప్పుకునేదో అదే చెప్పుకో. నారాయణ అనేదో, శ్రీరామ అనేదో నీకే తెలుసు. గుర్తు రాకపోతే ఊరికే గుచ్చు. ఏడుపొస్తే ఏడువు, కానీ కళ్లు తుడుచుకున్నాక లెక్క మళ్లీ చూసుకో. నా నూటేడు అలా ఏడ్చిన రోజునే జరిగింది.

శక్తి ఎక్కించేవాళ్లకు 4,500 రూపాయలు పంపొద్దు. మాలకు సంస్కారం చేయించాలనుంటే మీ ఊరి గుళ్లో అర్చకులను అడుగు, స్వామి పాదాల దగ్గర పెట్టి ఇస్తారు, నీకు తోచింది పళ్లెంలో వెయ్యి. పాలతో, పంచగవ్యాలతో శుద్ధి చేసే పద్ధతి ఉంది, ఇది చెక్క కాబట్టి ముంచకుండా చిలకరించమను. నేనూ ఒకసారి మోసపోయాను. తీర్థానికి వెళ్లినప్పుడు ఒక అంగడివాడు రుద్రాక్షమాల నీళ్లలో వేసి చూపించాడు. మునిగింది, కాబట్టి అసలుదే అన్నాడు. ఎండు రుద్రాక్ష తేలనూవచ్చు, బరువైన దొంగపూస మునగనూవచ్చు, ఆ పరీక్షతో ఏదీ తేలదు. వేసవి మొదట్లో చెమట పట్టగానే నా తెల్లరవిక మెడంతా గోధుమరంగు. రంగు వేసిన చెక్కపూసలు! ఇప్పటికీ ఆ రవిక ఇల్లు తుడిచేటప్పుడు కట్టుకుంటాను.

గురివింద గింజలు ససేమిరా వద్దు. దాని శాస్త్రీయ నామం ఏబ్రస్ ప్రికటోరియస్. ఆ రెండో మాటకు ప్రార్థనకు సంబంధించినదని అర్థం, జపమాలల్లో వాడేవారు కాబట్టే ఆ పేరు. కానీ లోపల ఏబ్రిన్ అనే విషం ఉంది, ప్రాణం తీసేంత విషం. పైతోలు గట్టిది కాబట్టి పగలని గింజ మింగినా ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది. నువ్వు దబ్బనంతో బెజ్జం పెట్టావంటే ఆ తోలు పగిలిపోయినట్టే. గుచ్చేటప్పుడు వేలికి దిగినా ప్రమాదం, ఇంట్లో పసిపిల్ల నోట్లో పెట్టుకుని కొరికినా ప్రమాదం. గురివింద తన నలుపెరగదని సామెత చెప్పుకుంటాం గానీ, దాని విషం మనమూ ఎరగం. చెల్లెలికి ముచ్చటగా ఉంటే మెట్టతామర గింజలు చూపించు. పెరట్లో గిన్నెల నీళ్లు పారేచోట పెరుగుతుందే, ఎర్రపూలది, అదే. గింజ నల్లగా, గట్టిగా, బఠాణీ అంత ఉంటుంది. వాటితో మాలలు గుచ్చుకోవడం పాత అలవాటే. తన మాల తను చేసుకుంటుంది, నీదాంట్లో కలపనక్కర్లేదు.

ఎర్రచందనం మాటే ఎత్తొద్దు. వెలిగొండల్లో, శేషాచలంలో, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టది. మన పక్కనే ఉందని మనకు చవకగా కనిపిస్తుంది. బిల్లు లేకుండా చేతులు మారే చెక్క ఎక్కడిదో అందరికీ తెలుసు. అడవిలో నరకడం, దాచడం, రవాణా చేయడం నేరాలు, కేసు పడితే పూసలు కొన్నదానివని ఎవరూ జాలిపడరు. చెక్కపూసలే కావాలనిపిస్తే ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవాళ్లున్నారు, చాలావరకు ఆడవాళ్లే, వాళ్ల చేతిపనితనం చూస్తే పూసలు వాళ్లకు ఎడంచేతి పని అనిపిస్తుంది. కానీ నీకు చేతిలోనే తులసి ఉండగా ఏ చెక్కా అక్కర్లేదు.

ఇప్పుడు నిద్ర సంగతి. నీ ఉత్తరంలో ఈ ప్రశ్న ఆఖరున పెట్టావు గానీ, అసలు ప్రశ్న ఇదేనని నాకు అనిపించింది.

పూసలో మందు లేదు. తులసైనా రాయైనా స్పటికమైనా, మెడలో వేసుకుంటే నిద్ర పట్టించేది ఏదీ నాకు కనబడలేదు. కానీ లెక్కపెట్టి నెమ్మదిగా పలకడంలో ఏదో ఉంది, దాన్ని కొలిచి చూశారు కూడా. ఇటలీలో బెర్నార్డి అనే వైద్యుడు, మరికొందరు కలిసి 23 మంది ఆరోగ్యవంతుల చేత కతోలికుల జపమాల ప్రార్థన లాటిన్‌లోనూ, "ఓం మణిపద్మే హుం" మంత్రమూ చెప్పించి ఊపిరినీ గుండె లయనూ పరిశీలించారు. 2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రెండిటికీ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించింది, రక్తపోటును సరిచూసుకునే శరీరపు స్పందన మెరుగైంది. చిన్న పరీక్షే, జబ్బు ఉన్నవాళ్ల మీద చేసింది కాదు. కాబట్టి నీ బీపీ మాత్ర ఒక్కరోజు కూడా ఆపకు, మాల పూర్తయ్యాక కూడా. మా ఇంటి దగ్గర ఒకాయన జపం మొదలుపెట్టి మాత్రలు మానేసి, పది రోజులకు ఆస్పత్రిలో తేలాడు.

అందులోంచి నువ్వు తీసుకోవలసింది వేగం. గబగబా గొణిగితే కుదరదు. ఒక నామం, ఒక ఊపిరి, పది సెకన్లు. ఆ లెక్కన 108 చెప్పుకోవడానికి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. మీ అమ్మ పొద్దున కోట ముందు ఎంతసేపు కూర్చునేదో గుర్తు చేసుకో, దాదాపు అంతే ఉంటుందని పందెం.

రాత్రి రెండింటికి లేచినప్పుడు మాత్రం మాల గుచ్చడానికి కూర్చోవద్దు. లైటు వేసి, సూదిలో దారం ఎక్కించే ప్రయత్నం చేస్తే ఉన్న కాస్త నిద్రా పోతుంది. చీకట్లోనే పడుకుని వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకో. ఎన్నో కణుపు దగ్గర నిద్ర పడుతుందో తెలియదు, పట్టకపోయినా పర్వాలేదు. మధ్యాహ్నం పని చేసిన చేతులకు రాత్రి ఆ కదలిక గుర్తుంటుంది. నాకైతే మూడో వారం నుంచి నిద్ర తెలిసింది. నీకూ అంతేనని మాట ఇవ్వలేను.

అమ్మ పోయి నెలలు గడుస్తున్నా రోజూ ఇలాగే ఉంటే, తిండి సహించకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా, మాల పూర్తయ్యేదాకా ఆగకు. బీపీకి చూపించుకునే డాక్టరుకే ఈ మాట కూడా చెప్పు. డాక్టరు దగ్గర నోరు రాకపోతే 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు ఉండదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నేను ఈ సలహా ఇస్తే చాలామంది నాకేమన్నా పిచ్చా అంటారు. మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు ఎవరూ అలా అడగరు మరి.

జపం చేసేటప్పటి నియమాలు మీ అమ్మను చూసి నీకే తెలిసి ఉంటాయి. నడిమివేలి మీద మాల, బొటనవేలితో పూస జరపడం, చూపుడువేలు తగలకుండా, మేరువు రాగానే దాటకుండా వెనక్కి తిరగడం. మాలను నేల మీద పెట్టకుండా చిన్న గుడ్డసంచిలో దాచుకో. అమ్మ రవికగుడ్డ ఒకటి ఉంటే అదే కుట్టుకో.

ఆఖరి సంగతి, కొత్త పద్దెనిమిది పూసలు ఎక్కడ గుచ్చాలని. అవి లేతరంగులో ఉంటాయి, పాతవి నల్లగా ఉంటాయి. అన్నీ కలిపేస్తే దారంలో అక్కడక్కడా తెల్లజుట్టులా కనిపిస్తాయి. నేనైతే మేరువు తర్వాత వరసగా కొత్తవన్నీ, ఆ తర్వాత అమ్మవి గుచ్చుతాను. జపం నీ పూసలతో మొదలై, వేలికి నునుపు తెలిసేసరికి ఆమె పూసల్లోకి వెళుతుంది. ఏడాది రెండేళ్లకు తేడా పోతుంది. నీకు కలిపేయాలనే ఉంటే కలిపెయ్, అదీ తప్పు కాదు.

కార్తీకం దాకా గడువుంది కాబట్టి కాడ ఈ వారమే కోసి నీడలో పెట్టెయ్. పూసలు చిన్నవి కాబట్టి మాల చుట్టుకొలత ఎనభై సెంటీమీటర్లే వస్తుంది, చాలామంది అది చూసి మీటరు దారం కొంటారు. నూటికి పైగా ముడులు ఒక్కోటి దగ్గర దగ్గర సెంటీమీటరు తింటాయి, కొనల్లో కుచ్చు ఉంది. పురి పెట్టాక నాలుగు మీటర్లుండాలి, మూడు పేటలు కాబట్టి పన్నెండు మీటర్లకు తక్కువ తెచ్చుకోకు.